మునిరత్నం వ్యాన్‌లో ఎర్ర లైటు

నేను బెంగళూరులో చాలా ఏళ్ళు ఇంజన్లు చూశాను. ఇప్పుడు మానేశాను. బండి కిందికి దూరడానికి మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఏది నేర్చుకుంటే పని వచ్చినట్టు అని అడుగుతుంటారు. వాళ్ళ కళ్ళకు ఇంజన్ దించి, విప్పి, మళ్ళీ బిగించడం గొప్పగా కనిపిస్తుంది. అది చేతికి అలవాటయ్యే పని. ఓపిక ఉన్నవాడికి ఎవరికైనా వస్తుంది. అసలు విప్పాలా వద్దా అని తేల్చుకోవడమే కష్టం. నా సర్వీసంతా దాని చుట్టూనే తిరిగింది.

అది ఎలాంటి కష్టమో చెప్పడానికి పది బండ్ల కథలు అక్కర్లేదు. మునిరత్నం వ్యాన్ ఒక్కటి చాలు.

గోవిందప్ప గారి దగ్గర

మాది ఆనేకల్. ఇంట్లో మగ్గాలుండేవి. నాకు మగ్గం గుంటలో కూర్చునే ఓపిక లేక ఐటీఐలో చేరి, అది పూర్తవగానే కాడుగోడి దగ్గర గోవిందప్ప గారి గ్యారేజీలో పనికి కుదిరాను. ఆయన చిత్తూరు జిల్లా నుంచి చిన్నప్పుడే బెంగళూరు వచ్చి, లారీల కింద పడుకుని పని నేర్చుకున్న మనిషి. చెయ్యి చాలా మంచిది. బోల్టు ఎంత బిగించాలో ఆయన మణికట్టుకు తెలుసు. పని అయిపోయిన బండిని, ఓనర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి చూపించకుండా ఎప్పుడూ పంపేవాడు కాదు. ఆ అలవాటు నాకూ ఆయన నుంచే వచ్చింది.

ఆయనలో లోపం ఒకటుంది. బండి లోపలికి వచ్చి ఆగీ ఆగకముందే రోగం పేరు చెప్పేసేవాడు. వచ్చినవాడు భయంగా మొహంలోకి చూస్తుంటే ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేకపోయేవాడు. పనిమంతుల్లో చాలామందికి ఈ జబ్బు ఉంటుంది. పనికిరానివాడు తడుముకుంటాడు, కాబట్టి ఎవరూ నమ్మరు. పనిమంతుడు గట్టిగా చెప్తాడు, అందరూ నమ్ముతారు. అందుకే అతని తొందరతోనే ప్రమాదం ఎక్కువ.

మొదటిసారి

తొంభైల నడుమ ఒక మధ్యాహ్నం మునిరత్నం తన వ్యాన్ తీసుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఖాకీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ వ్యాన్ డీజిల్‌ది, అప్పటికే పాతది. కాడుగోడి, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలను పొద్దున బడికి తీసుకెళ్ళి సాయంత్రం ఇళ్ళ దగ్గర దించేవాడు. ఇల్లు గడిచేది ఆ బండి మీదే.

"రైల్వే గేటు పడినప్పుడు ఆయిల్‌ది ఎర్ర లైటు వెలగతా ఉండాదప్పా" అన్నాడు. "గేటు తీసి, యాక్సిలేటర్ తొక్కితే పోతాది. పొద్దున పూట రాదు. సాయంత్రం ఎండలో తిరిగినాక వస్తాది. ఇద్దరికి చూపించినాను. క్రాంక్ పోయిందన్నారు ఇద్దరూ."

గోవిందప్ప గారు ఇంజన్ స్టార్ట్ చేయించి, తల పక్కకు వంచి కాసేపు విన్నాడు.

"బేరింగులు అరిగినాయి. ఇంజన్ దించాల" అన్నాడు.

మునిరత్నం వ్యాన్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇంజన్ దించితే బండి ఎన్నాళ్ళు ఇక్కడ ఉంటుందో, అన్నాళ్ళు పిల్లలను ఎవరు తీసుకెళ్తారో, వాళ్ళు మళ్ళీ తన దగ్గరికి వస్తారో లేదో, ఇవన్నీ లెక్కవేస్తున్నట్టు కనిపించాడు.

నేను గోవిందప్ప గారి దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను. "అయ్యా, దించే ముందర ఒకసారి గేజి పెట్టి చూస్తాను."

ఆ గేజి నేను గుజిరీ అంగట్లో, పాత సామాన్ల మధ్య ఏరి తెచ్చుకున్నది. ముల్లు ఉన్న చిన్న డబ్బా, దానికొక గొట్టం. ఇంజన్‌కు బిగించి ఉన్న ఆయిల్ స్విచ్‌ను విప్పి, ఆ కన్నంలో ఈ గొట్టం బిగిస్తే లోపల ఆయిల్ ఎంత ఒత్తిడితో తిరుగుతున్నదో ముల్లు చూపిస్తుంది. లైటుకు అంత తెలివి లేదు. ఒత్తిడి ఒక హద్దు కంటే తగ్గిందని స్విచ్ చెప్తే వెలుగుతుంది, లేకపోతే లేదు. స్విచ్ తప్పు చెప్తే లైటూ తప్పే చెప్తుంది.

ఐడ్లింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బండి నిలబడి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ పంపు కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. పైగా వేడికి ఆయిల్ నీళ్ళలా పలచబడి ఉంటుంది. ఇంజన్ లోపల ఎక్కడ ఏ చిన్న లోపమున్నా అప్పుడే బయటపడుతుంది. యాక్సిలేటర్ తొక్కగానే పంపు జోరందుకుని లోపాన్ని కప్పేస్తుంది. అందుకే చల్లటి ఇంజన్‌కు గేజి పెట్టి అంతా బాగుందని చెప్పేవాడు అసలు పరీక్షే చేయనట్టు లెక్క.

గేజి బిగించి మునిరత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, రేడియేటర్ బాగా వేడెక్కే దాకా వ్యాన్‌ను తిప్పాను. తిరిగొచ్చి ఐడ్లింగ్‌లో పెట్టాను. ముల్లు కొంచెం దిగి, ఉండాల్సిన చోటే నిలబడింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. ఇంజన్ గట్టిగా ఉంది. చెడిపోయింది స్విచ్.

గోవిందప్ప గారు వచ్చి ముల్లు చూశాడు. "సరే, స్విచ్ మార్చి పంపు" అన్నాడు. అంతే. మాట పోయిందని మొహం ముడుచుకునే మనిషి కాదు.

మునిరత్నం మాత్రం వెళ్తూ నా భుజం తట్టి, "స్విచ్ అంతే కదప్పా. ఇద్దరూ కలిసి నా ప్రాణం తీసినారు" అని నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన దృష్టిలో ఎర్ర లైటంటే స్విచ్. ఒక మంచి కబురు ఒక మనిషి మనసులో ఎంత లోతుగా దిగబడిపోతుందో నాకప్పుడు తెలియదు.

రెండోసారి

కొన్నేళ్ళ తర్వాత అదే లైటు మళ్ళీ వెలిగింది. నేను స్పేర్ పార్టుల కోసం సిటీలోకి వెళ్ళిన రోజు మునిరత్నం గ్యారేజీకి వచ్చాడు. స్విచ్ మార్చేయమని తానే చెప్పాడట. మార్చారు. అయినా వేడెక్కాక లైటు వెలుగుతూనే ఉంది. గోవిందప్ప గారు పాత ఆయిల్ దించేసి, దానికంటే చాలా చిక్కటి ఆయిల్ పోయించాడు. లైటు ఆరిపోయింది. మునిరత్నం సంతోషంగా వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను వచ్చాక ఈ సంగతి తెలిసింది.

"గేజి పెట్టి చూసినారా అయ్యా?" అని అడిగాను.

"లైటు పోయింది కదా. ఇంగ గేజి ఏంటికి?"

"లైటు పోయింది సరే. ఒత్తిడి ఏంటికి తగ్గిందో తెలియలేదు కదయ్యా."

"శీనా, నేను ఈ పని మొదలుపెట్టిన నాటికి నువ్వు పుట్టి కూడా ఉండవు. ముసలి ఇంజన్‌కు చిక్కటి ఆయిల్ పోసేది కొత్త సంగతేమీ కాదు."

అది నిజమే, అందరూ పోసేవాళ్ళు. ఇప్పటికీ పోస్తున్నారు. ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు, మారదు కూడా. ఒత్తిడి ఎందుకు తగ్గిందో తెలుసుకోకుండా చిక్కటి ఆయిల్ పోయడమంటే జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా మనిషి మీద దుప్పటి కప్పడమే. పైగా చలికాలం పొద్దున ఆ ఆయిల్ జిగురులా ఉండి, ఇంజన్ పై భాగానికి ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. ఆ లోపు వాల్వులను కదిపే టాపెట్లు తడి లేకుండా కొట్టుకుంటాయి.

ఆ మరుసటి రోజు నేను బడి దగ్గరికి వెళ్ళి మునిరత్నాన్ని కలిశాను. ఒకసారి బండి తెచ్చి చూపించమన్నాను. "లైటు పోయింది కదా శీనప్పా, ఆమేల వస్తాను" అన్నాడు. ఆమేల అంటే కన్నడంలో తర్వాత అని. తర్వాత అంటే బడికి సెలవులిచ్చే దాకా అని నాకు అర్థమైంది.

సెలవుల్లోనే వచ్చాడు. లైటు మళ్ళీ కొంచెం కొంచెంగా మిణుకుమంటోందట. వ్యాన్ ఆపి, కిందికి దిగుతూ గర్వంగా చెప్పాడు.

"ఇంజన్ మాత్రం బంగారం శీనప్పా. చుక్క ఆయిల్ తాగదు. నువ్వు నమ్మవు గానీ, పోసిందానికంటే ఎక్కువే కనిపిస్తా ఉండాది."

నేను చేతిలోని పని వదిలేశాను. ఏ ఇంజన్‌లోనూ ఆయిల్ తనంతట తాను పెరగదు. పెరిగిందంటే లోపలికి ఇంకేదో వస్తోంది. ఆయిల్ మట్టం చూపించే డిప్‌స్టిక్ లాగి చూశాను. ఆయిల్ పై గీత దాటి ఉంది. వాసన చూశాను. మునిరత్నం ముక్కు దగ్గర పెట్టాను.

"ఏం వాసనన్నా?"

ఆయన ఇంకోసారి వాసన చూసి, "డీజిల్" అన్నాడు.

ఒక న్యూస్‌పేపర్ ముక్క మీద ఆ ఆయిల్ చుక్క వేశాను. నల్లటి చుక్క నడుమ ఉండిపోయింది. దాని చుట్టూ డీజిల్ పలచటి తడి వలయంలా పాకింది. ఇంజన్ పక్కనే బిగించి ఉండే, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపును విప్పి చూస్తే లోపలి డయాఫ్రం అనే రబ్బరు పొర చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి డీజిల్ కొంచెం కొంచెంగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతోంది. గోవిందప్ప గారు పోయించిన చిక్కటి ఆయిల్ ఆ పలచదనాన్ని కొన్నాళ్ళు దాచిపెట్టింది. ఆ కొన్నాళ్ళూ డీజిల్ కలిసిన ఆయిల్‌తోనే ఇంజన్ నడిచింది.

గేజి పెట్టాను. వేడెక్కిన కొద్దీ ముల్లు దిగిపోయింది. ఇంజన్ ఆపి, ఆయిల్ దించి, కిందున్న ఆయిల్ చాంబర్ ఊడదీసి, ఒక బేరింగు విప్పి చూశాను. పై పూత లేచిపోయి రాగి రంగు బయటపడింది. ఆ బేరింగుల్లో తిరిగే ఇరుసు, క్రాంక్, దాని మీద గోరు పెట్టి గీశాను. నున్నగా ఉంది. అరుగుదల అక్కడి దాకా రాలేదు.

ఆ బేరింగును గుడ్డలో పెట్టుకుని గోవిందప్ప గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఏమంటాడో అని నాకు బెరుకుగానే ఉంది. మునిరత్నం నా వెనకే నిలబడ్డాడు. ఇది పాత అరుగుదల అనో, బండి వయసైపోయింది అనో ఒక మాట అనేస్తే కాదనేవాళ్ళు ఎవరూ లేరు. నేను తప్ప. నేను ఆయన దగ్గర పనిచేసేవాణ్ణి.

ఆయన గ్లాసు కింద పెట్టి, బేరింగును వెలుతురులో తిప్పి చూశాడు. ఆయిల్‌లో డీజిల్ కలిసిందని చెప్పాను. ఆ పేపర్ ముక్క చూపించాను. దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఆ రోజు గేజి పెట్టుంటే అప్పుడే దొరికేది" అన్నాడు.

తర్వాత మునిరత్నం వైపు తిరిగాడు. "తప్పు నాదప్పా. లైటు ఆర్పినాను, రోగం చూడలేదు. బేరింగులు నేనే వేసిస్తాను. బడి తెరిచే లోపల నీ బండి నీకిస్తాను."

మునిరత్నం "అయ్యో, మీరు పెద్దోళ్ళు…" అని ఆగిపోయాడు.

మరునాడు గోవిందప్ప గారు చొక్కా విప్పి, అట్ట పరుచుకుని వ్యాన్ కింద పడుకున్నాడు. అప్పటికి ఆయన కిందికి దూరే పనులు మానేసి చాలా రోజులైంది. ఒక్కొక్క బేరింగూ తన చేత్తోనే తొడిగాడు. నేను పక్కన పడుకుని పానాలు అందించాను. నడుములు పట్టేసి మధ్యలో రెండు మూడుసార్లు బయటికి వచ్చి కూర్చున్నాడు కానీ, మిగతాది నన్ను చెయ్యనివ్వలేదు.

ఆ తర్వాత మా గ్యారేజీలో ఎర్ర లైటుతో వచ్చిన ఏ బండికీ గేజి పెట్టకుండా మందు చెప్పింది లేదు. నేను చాలామంది బాసుల గురించి విన్నాను, కొందరిని చూశాను. ఎప్పుడూ తప్పు చేయని బాసు ఎవరికీ దొరకడు. తప్పు బయటపడినప్పుడు దాన్ని కిందివాడి మీదకో, బండి వయసు మీదకో తోసేయని బాసు దొరికితే చాలు, అతని దగ్గర పని నేర్చుకోవచ్చు.

మూడోసారి

గోవిందప్ప గారు గ్యారేజీ మూసేసి ఊరికి వెళ్ళిపోయాక నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అంచున ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాను. అప్పటికి కొత్త శతాబ్దం వచ్చి కొన్నేళ్ళైంది. కంపెనీ కార్లు, కొత్త కార్లు ఎక్కువగా వచ్చేవి. ఒక రోజు ఆ కార్ల వరుస చివర మునిరత్నం వ్యాన్ కనిపించింది. కాడుగోడి నుంచి ఆ ట్రాఫిక్‌లో అంత దూరం వచ్చాడు. మీసం తెల్లబడింది.

"మళ్ళా లైటు. స్విచ్ అని చెప్పప్పా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ కళ్ళు నవ్వలేదు.

వరసగా చూసుకుంటూ వచ్చాను. ఆయిల్ సరైనదే, గీత దగ్గరే ఉంది, డీజిల్ వాసన లేదు. ఐడ్లింగ్ మరీ తక్కువకు దిగిపోలేదు. గేజి పెడితే చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంది. వేడెక్కాక ముల్లు దిగి దిగి దాదాపు సున్నా మీద వాలిపోయింది. యాక్సిలేటర్ తొక్కితే బద్ధకంగా లేచింది. ఇంజన్ అడుగు నుంచి బరువైన చప్పుడొకటి వస్తోంది. కింద చాంబర్ తీసి ఆయిల్ పీల్చే జల్లెడ చూశాను, శుభ్రంగా ఉంది. పంపు విప్పి చూశాను, బాగుంది. చివరికి బేరింగులు విప్పాను.

ఈసారి క్రాంక్ పోయింది. కొలిచి చూస్తే గుండ్రటిది కోలగా అరిగిపోయి ఉంది. ఆ మధ్య ఇంకో గ్యారేజీలో దాన్ని ఒకసారి సాన పట్టించారట. ఇంకోసారి పట్టడానికి అందులో లోహం మిగల్లేదు. ఆ పాత ఇంజన్‌కు క్రాంక్ మార్కెట్లో దొరకడం కూడా మానేసింది.

మునిరత్నానికి చెప్పాను.

"పరీక్షలయ్యేదాకా నడిస్తే చాలప్పా" అన్నాడు. "మళ్ళా బిగించి, చిక్కటి ఆయిల్ పోసియ్యి. ఎండాకాలం సెలవుల్లో వేరేది చూసుకుంటాను."

"లేదన్నా. నేను పొయ్యను."

"నువ్వు పొయ్యకుంటే ఇంకొకడు పోస్తాడు."

"పోస్తాడు. లైటు కూడా ఆరిపోతాది."

"ఇన్నేళ్ళు నీ మాట నమ్మినాను కదా శీనప్పా. ఒక్కసారి నా మాట వినకూడదా?"

ఆయన గొంతులో కోపం ఉంది. నాకూ బాధగానే ఉంది. ఈ పనిలో స్విచ్ పోయిందని చెప్పడానికి తెలివి చాలు. ఇంజన్ చచ్చిపోయిందని, ఎదురుగా ఉన్నవాడు మనవాడైనప్పుడు చెప్పడానికి గుండె కావాలి. చాలామంది మెకానిక్కులు ఇక్కడే మెత్తబడి, అడిగింది పోసిచ్చేస్తారు. దాన్ని సాయం అనుకుంటారు.

నేను అట్ట తెచ్చి వ్యాన్ కింద పరిచాను. "వాదించేది వద్దన్నా. కిందికి రా. నువ్వే చూడు" అన్నాను.

ఆయన కాస్త ఆలోచించి, చెప్పులు విడిచి, నా పక్కన పడుకుని లోపలికి జరిగాడు. టార్చి వేసి క్రాంక్ చూపించాను. "వేలు పెట్టు. గోరుతో గీయి" అన్నాను. గీశాడు. గోరు గాడిలో పడి ఆగింది. పక్కన ఇంకోచోట గీశాడు. అక్కడా ఆగింది.

"ఇది పట్టేస్తే ఏమవతాది?" అని అడిగాడు.

"ఉన్నచోటే నిలిచిపోతాది. మళ్ళా స్టార్ట్ కాదు."

"బిడ్డలు లోపల ఉండంగానా?"

నేను టార్చి ఆర్పేశాను. ఆయన రోజూ రైల్వే గేటు దాటేవాడని మా ఇద్దరికీ తెలుసు.

బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. జేబులోంచి తాళం తీసి నా బల్ల మీద పెట్టాడు. "ఇంగ బిగించొద్దులేప్పా" అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో వెళ్ళి, తనలాగే బడి వ్యాన్ నడిపే ఇంకొకాయనతో మాట్లాడుకున్నాడు. ఆయన తన ట్రిప్పు పిల్లలను ఎక్కించుకోకముందే అదే వ్యాన్‌లో మునిరత్నం మొదటి ట్రిప్పు వెయ్యాలని ఒప్పందం. మునిరత్నం తన పిల్లల ఇళ్ళకు ఒక్కొక్కదానికీ వెళ్ళి, పొద్దున ఇంకాస్త ముందుగా సిద్ధంగా ఉండాలని చెప్పాడు. ఒకరిద్దరు తల్లులు విసుక్కున్నారట. పరీక్షలయ్యేదాకా అలాగే నడిచింది. పాత వ్యాన్‌ను గుజిరీవాళ్ళు వచ్చి లాక్కెళ్ళారు. ఆ రోజు మునిరత్నం రాలేదు.

కొనబోయిన బండి

ఎండాకాలంలో మునిరత్నం ఒక సెకండ్ హ్యాండ్ వ్యాన్ చూడటానికి నన్ను రమ్మన్నాడు. అమ్మేవాడు ఒక లేఅవుట్లో ఉన్నాడు. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ ఏదో వ్యాపారం చేస్తున్న మనిషి. మర్యాదగా మాట్లాడాడు. వ్యాన్ మెరిసిపోతోంది. సీట్లు కొత్తవి.

"ఇంజన్ సూపర్ కండిషన్ అండి. లాంగ్ డ్రైవ్ కూడా చేశాం. ఏ వార్నింగ్ లైటూ రాదు, మీరే చెక్ చేసుకోండి" అన్నాడు.

నేను బానెట్ దగ్గరికి వెళ్ళబోతుంటే మునిరత్నం డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. స్టార్ట్ చేయలేదు. సగం తిప్పి ఆపి, ఎదురుగా ఉన్న లైట్లను చూస్తూ కూర్చున్నాడు.

"స్టార్ట్ చేయండి, ఫర్వాలేదు" అన్నాడు అమ్మే ఆయన.

మునిరత్నం తాళం వెనక్కి తిప్పి, మళ్ళీ సగం వరకు తిప్పాడు. "సార్, బ్యాటరీ లైటు వెలగతా ఉండాది. ఆయిల్ లైటు ఏంటికి వెలగలేదు?"

"వెలగకపోతే మంచిదే కదండీ."

"ఇంజన్ తిరిగేటప్పుడు వెలగకూడదు సార్. ఇప్పుడు తిరగడం లేదు కదా, లోపల ఒత్తిడే లేదు. ఇప్పుడు వెలగాల."

"బల్బ్ పోయుంటుందండి, చిన్న విషయం."

నేను బానెట్ ఎత్తాను. ఆయిల్ స్విచ్‌కు వచ్చే వైరు ఊడదీసి, కొసకు టేపు చుట్టి, పక్కనున్న గొట్టం వెనక్కి నీట్‌గా దోపి ఉంది. నేను పక్కకు జరిగాను. మునిరత్నం దిగి వచ్చి చూశాడు. ఆ టేపును ఒకసారి వేలితో తాకి, బానెట్ మెల్లగా దించాడు.

"వద్దు సార్" అన్నాడు. "నోరు కట్టేసిన బండి నాకు వద్దు. నేను బిడ్డలను ఎక్కించుకునేవాణ్ణి."

ఆ మనిషి రేటు సంగతి ఏదో చెప్పబోయాడు. మునిరత్నం తాళం ఆయన చేతిలో పెట్టి, దండం పెట్టి వచ్చేశాడు.

బస్టాపు దాకా నడుస్తున్నప్పుడు, "ఆనేకల్‌లో ఇంకొకటి ఉండాదంట" అన్నాడు. "రేపు పోదామా?"

"నేనేంటికన్నా? నువ్వే చూసుకో" అన్నాను.

గేజి మాత్రం ఒకసారి ఇమ్మని అడిగి తీసుకున్నాడు. మరునాడు ఒక్కడే వెళ్ళాడు. వేడెక్కేదాకా తిప్పి, ఐడ్లింగ్‌లో పెట్టి, ముల్లు నిలబడేదాకా చూసి, ఆ బండి కొన్నాడు.